మచ్చుకి రెండు రీళ్లు

నాన్న సినిమాని కూడా తోటని కొన్నట్టే కొన్నారు. పూత చూసి.

నూజివీడులో మామిడి వ్యాపారస్తులకి అది తాతల నాటి అలవాటు. చలి తగ్గే రోజుల్లో తోటలోకి వెళ్లి నాలుగు వరసలు తిరిగి, కొమ్మలకేసి తలెత్తి చూసి, ఈ ఏడు కాపు ఇంతుండొచ్చని మనసులో అనుకుని బేరం ముగించేస్తారు. కాయ ఇంకా పుట్టనే లేదు. ఆ తర్వాత పురుగు పట్టినా, గాలివాన వచ్చి పిందెలన్నీ రాల్చినా కొన్నవాడి ఖర్మ. అరవైల మొదట్లో ఒక ఏడాది కాయలకి బుట్టలు కొనే పనిమీద బెజవాడ వెళ్లిన నాన్న, అక్కడ సినిమాలు పంచే ఆఫీసొకదాంట్లో నాలుగు పోస్టర్లు చూసి, గ్రామఫోను మీద రెండు పాటలు విని, ఆ బొమ్మని మా ఊరికి రెండు వారాలకి తీసుకుంటానని మాటిచ్చి వచ్చారు. అప్పటికి దాన్ని సగం కూడా తీయలేదట. కథేంటని అమ్మ అడిగితే, "కాలేజీ పిల్లల అల్లరి. కడుపుబ్బ నవ్వుతారట" అన్నారు. చూసినవాడు లేడు, నవ్వినవాడు లేడు, మా నాన్న మాత్రం అప్పుడే నవ్వుతున్నారు.

ఆ ఏడాది వేసవిలోనే నేను ఎస్సెల్సీ పాసయ్యాను. మా ఇంట్లో అంతవరకు చదివిన ఆడపిల్లని నేనే. కాలేజీ ఊళ్లోనే ఉంది. అందులో ఏడాది పి.యు.సి.లో చేరాలన్నది తప్ప నాకింకో ఆలోచన లేదు. అన్నం కలుపుతున్నా అదే, జడ వేసుకుంటున్నా అదే. కానీ మా ఇంట్లో ఏ నిర్ణయమైనా నాయనమ్మదే. తాతయ్య పోయాక మామిడికాయల కొట్టునీ ఇంటినీ కొడుకునీ ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి ఆవిడ. నాన్నని అడిగితే, "నాయనమ్మ సరేనంటే నాకేం అభ్యంతరం లేదమ్మా" అనేవారు. నాయనమ్మని అడిగితే "చూద్దాంలే" అనేది. ఆ "చూద్దాంలే"కి నాకు ఒళ్లు మండేది. లేదు అంటే ఏడ్చి ఊరుకోవచ్చు, చూద్దాంలే అంటే ఏడవడానికి కూడా లేదు. అమ్మని అడిగేదాన్నే కాదు. అమ్మ ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటినుంచీ అత్తగారి మాటకి ఎదురు చెప్పగా ఎవరూ వినలేదు.

మామిడి సీజను అయిపోయి, తొలకరి పడి, కాలేజీలో దరఖాస్తులు తీసుకుంటున్న రోజుల్లో సినిమా వచ్చింది. మా పెరటి గోడ వెనక సందు, సందు దాటితే హాలు. రేకుల కప్పు కాబట్టి లోపలి పాటలూ జనం నవ్వులూ మా పెరట్లోకి బాగానే వినిపిస్తాయి. మొదటి రోజు నేనూ అమ్మా బావి దగ్గర నిలబడి చెవులు రిక్కించుకుని విన్నాం. పాటలు వినపడ్డాయి. నవ్వులు వినపడలేదు. రెండో రోజూ అంతే. నాన్న ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని పీట మీద కూర్చున్నారు.

దానికి తోడు మద్రాసు పేపర్లో ఒక పెద్దమనిషి ఆ సినిమాని ఏకిపారేశాడు. కథ లేదట, హాస్యం మోటుగా ఉందట, ఇలాంటివి చూపించి కుర్రకారుని పాడుచేస్తున్నారట. ఎదురు బట్టల కొట్టాయన ఆ పేపరుని అరుగు మీద కూర్చుని వచ్చేపోయే వాళ్లందరికీ గొంతెత్తి చదివి వినిపించాడు. అంతకుముందు ఆయన పేపరు తెప్పించుకోగా నేను చూళ్లేదు.

నాన్నకి పౌరుషం వచ్చింది. "ఎవడో తిని బాలేదంటే మనం కాయ పారేస్తామా? కోసి చేతిలో పెడదాం. తిని వాళ్లే చెప్తారు" అన్నారు.

మా మార్కెట్లో మచ్చు చూపించందే బేరం మొదలవదు. బంగినపల్లి కాయ కోసి ముక్క చేతిలో పెడతారు. కొనేవాడు దాన్ని నోట్లో వేసుకుని, కాసేపు కళ్లు మూసుకుని, తలాడిస్తాడు. ధర మాట ఆ తర్వాతే. నాన్న సినిమాకీ అదే పద్ధతి పెట్టారు. రిక్షాకి అటూ ఇటూ పోస్టర్లు కట్టించి, మైకులో మా గుమాస్తా చేత ఊరంతా చాటింపు వేయించారు. మొదటి రెండు రీళ్లూ ఉచితం. ఎవరైనా రావచ్చు, చూడచ్చు. నచ్చితే టికెట్ కొనుక్కుని మిగతాది చూడండి, నచ్చకపోతే మా మీద ఏ కోపం పెట్టుకోకుండా ఇంటికెళ్లండి. హాల్లో బొమ్మ వేసే మిషను ఒకటే కాబట్టి రీలు మార్చడానికి ఎలాగూ ఆపాలి, ఆ ఖాళీలో టికెట్లు అమ్మొచ్చని ఆయన లెక్క.

ఊరు ఊరంతా కదిలొచ్చింది. రేకులు ఎగిరిపోయేలా నవ్వులు. బావి దగ్గర నేను గంతులేశాను. అంతలో నవ్వులు ఆగి, సందులో ఒకటే అడుగుల చప్పుడు. గోడ మీంచి తొంగిచూస్తే, వచ్చినవాళ్లలో చాలామంది హాయిగా కబుర్లు చెప్పుకుంటూ ఇళ్లకి పోతున్నారు. మర్నాడూ అదే తంతు. మామిడి ముక్క తిన్నవాడు మొహమాటానికైనా నాలుగు కాయలు కొంటాడు. చీకట్లో కూర్చుని చూసినవాడికి మొహమాటం ఎక్కడుంటుంది? ఇది మా నాన్నకి తట్టలేదు.

టికెట్లు అమ్ముడుపోకపోతే పోయాయి. అసలు గొడవ ఇంకోటి. సినిమా హాలు గడప తొక్కేదే లేదని చెప్పుకునే పెద్దలంతా ఊరికే వస్తోందని ఆ రెండు రీళ్లూ చూసొచ్చారు. బట్టల కొట్టాయన వెళ్లాడు. మా నాయనమ్మ కూడా పక్కింటావిణ్ణి వెంటేసుకుని వెళ్లింది. ఆ రెండు రీళ్లలో ఏముందయ్యా అంటే, కాలేజీలో చేరిన ఒక అమ్మాయి లెక్చరరు కళ్లజోడు దాచేస్తుంది. ఆయన తడుముకుంటూ వెళ్లి గోడకి పాఠం చెప్తాడు. తర్వాత ఆ అమ్మాయి సైకిలెక్కి అబ్బాయిల మధ్యలోంచి గంట కొట్టుకుంటూ పోతుంది. చివరికి మార్కుల కాగితం మీద తండ్రి సంతకం తనే పెట్టేసి ఇచ్చేస్తుంది. జనం పడీపడీ నవ్వింది వాటికే.

నాయనమ్మ నవ్వలేదు. ఇంటికొస్తూనే నన్ను పిలిచింది.

"ఏమే, తండ్రి సంతకం తనే పెట్టుకుందే ఆ పిల్ల! కాలేజీకెళ్తే నేర్చుకునేది ఇదా?"

"అది సినిమా నాయనమ్మా. నవ్వించడానికి తీశారు."

"లోకంలో లేంది ఎందుకు తీస్తారు? తీసినవాళ్ల సంగతి వదిలెయ్. ఊళ్లోవాళ్లని పిలిచి మరీ చూపిస్తున్నది మీ నాన్నేగా. కాలేజీ పిల్లలు ఇలా ఉంటారని మైకులో చెప్పించి, అదే కాలేజీకి కూతుర్ని పంపితే నలుగురూ ఏమనుకుంటారు?"

నాన్న అక్కడే ఉన్నారు. కండువా తీసి భుజం మార్చుకున్నారు, అంతే. నాకు ఆయన మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. డబ్బులు పోయినా పర్లేదు, ఈ సినిమా అసలు రాకపోతే బాగుండు అనిపించింది.

నాయనమ్మ అన్నది నిజమే కూడా. ఊళ్లో ఎక్కడ చూసినా అదే మాట. నేను జాకెట్టు కుట్టించుకోడానికి వెళ్తుంటే కుర్రాళ్లు వెనకనుంచి, "సంతకం పెట్టడం వచ్చా?" అని కేకలేశారు. వెనక్కి తిరిగి, "వచ్చు, మీకొచ్చా?" అన్నాను. ఆ సంగతి నాకంటే ముందే ఇంటికి చేరింది.

ఆ నాలుగు రోజులు నేను ఒక చోట కూర్చోలేదు. వీధిలోంచి పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి కాలు గాలిన పిల్లిలా తిరిగాను. దరఖాస్తుల గడువు దగ్గరపడుతోంది. రోజూ కాలేజీవైపు పుస్తకాలు పట్టుకుని వెళ్లే అబ్బాయిల్ని గుమ్మంలో నిలబడి లెక్కపెట్టేదాన్ని. సినిమా అంటే రెండు రీళ్లేనా, మిగతా కథ ఉందిగా అని ఆలోచించడం మొదలుపెట్టాను. అల్లరి పిల్ల చివరిదాకా అల్లరి చేస్తూనే ఉండదుగా? బాగా చదివి పాసవుతుంది, డాక్టరో ప్లీడరో అవుతుంది. అలా కాకుండా ఎలా అవుతుంది?

కానీ ఎలా అవుతుందో మా ఇంట్లో ఒక్కరికీ తెలీదు. హాలు దగ్గర అమ్మిన పాటల పుస్తకం తెప్పించుకుని చదివాను. అందులో కథ సగం చెప్పి, అమ్మాయి చిక్కుల్లో పడగానే, మిగతాది వెండితెర మీద చూడమని ముగించేశారు. నాన్నని అడిగాను. "టికెట్ల గదిలో కూర్చునేవాణ్ణి, నాకు చూసే తీరికేదమ్మా" అన్నారు. డబ్బు పెట్టి కొన్న మనిషికే చివరేమవుతుందో తెలీదు! చివరికి గుమాస్తాని పట్టుకున్నాను.

"అంతా మంచే జరుగుద్దమ్మా. ఆ అమ్మాయి బంగారు పతకం తెచ్చుకుంటది. నాకైతే కళ్లంట నీళ్లొచ్చినయ్" అన్నాడు.

ఆ మాట నాకు చాలు. తిన్నగా నాయనమ్మ దగ్గరికెళ్లాను.

"కొట్లో ఉన్నప్పుడు పైన నాలుగు కాయలు చూసి బుట్ట బేరం తేల్చేదానివా నాయనమ్మా?"

ఆవిడ తల ఎత్తి చూసింది. వ్యాపారం మాటెత్తితే ఆవిడ వదిలిపెట్టదని నాకు తెలుసు.

"ఎన్నడూ తేల్చలేదు. బుట్ట కిందదాకా చెయ్యి పెట్టి చూసేదాన్ని."

"మరి సినిమా?"

"సరే. చివరిదాకా చూస్తాను. ఆ పిల్ల బాగుపడితే నువ్వు కాలేజీకెళ్లు. లేదంటే మళ్లీ ఈ ఊసెత్తకూడదు" అంది.

"ఎత్తను" అన్నాను.

నాన్న శనివారం మధ్యాహ్నం ఆడవాళ్లకి ప్రత్యేకంగా ఒక ఆట వేయించారు. లోపలికొచ్చిన ప్రతి ఆవిడకీ పసుపు, కుంకుమ, తమలపాకులు. మచ్చు రీళ్లు మానేశారు. మా వీధి వీధంతా వచ్చింది. నాయనమ్మకి ఒక పక్కన నేను, ఇంకో పక్కన అమ్మ. అమ్మ సినిమాకి రావడం నాకు గుర్తున్నంతలో అదే మొదటిసారి. ఆవిడ ముందే భయపడిపోయి, కొంగు చెవులదాకా లాక్కుని కూర్చుంది.

కళ్లజోడు సీను వచ్చినప్పుడు జనం నవ్వితే నాకు చెమటలు పట్టాయి. నాయనమ్మ బిగుసుకుని కూర్చుంది. ఇంటర్వెల్ అయ్యాక కథ మారింది. ఆ అమ్మాయి తండ్రి మంచం పట్టాడు. అల్లరి మానేసింది. దీపం ముందు కూర్చుని చదివింది. కాలేజీకంతటికీ ఫస్టు వచ్చింది, బంగారు పతకం మెళ్లో వేశారు. కళ్లజోడు లెక్చరరే పైకి లేచి చప్పట్లు కొట్టాడు. నేను నాయనమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ చెయ్యి లాక్కోలేదు. అమ్మ కొంగు చెవుల మీంచి జారిపోయింది, సర్దుకోవడం మరిచిపోయింది. గెలిచాననే అనుకున్నాను. అక్కడితో సినిమా అయిపోయుంటే ఎంత బాగుండేది.

అయిపోలేదు. ఇంకో రీలుంది. పై చదువుకి పట్నం రమ్మని కాలేజీవాళ్లు కబురుపెట్టారు. కథానాయకుడి తల్లి వచ్చి, చదువుకున్న కోడలు మా ఇంట్లో ఇమడదని కళ్లనీళ్లు పెట్టుకుంది. అప్పుడా అమ్మాయి ఒక పాట పాడుతూ పుస్తకాలన్నీ ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసింది. పతకం తీసి దేవుడి పటానికి తగిలించింది. తల నిండా కొంగు కప్పుకుని అత్తగారి కాళ్లకి దండం పెట్టింది. అందరూ నవ్వారు, శుభం అని పడింది.

హాల్లో ఒకటే ముక్కులు చీదిన చప్పుడు. నాయనమ్మ కళ్లు తుడుచుకుని, "ఎంత మంచి సినిమా తీశారే. చివరికి పిల్ల బాగుపడింది" అంది. ఆవిడ మోసం చెయ్యలేదు. ఒప్పుకున్న మాట ప్రకారమే తీర్పు చెప్పింది. బాగుపడటమంటే ఆవిడకి అదే. నాకు ఆ తెర మీదకి చెప్పు విసరాలనిపించింది. ఫస్టు వచ్చిన పిల్ల చేత ఆ తాళం వేయిస్తూ కథ రాసిన మనిషెవరో, అతను ఇంట్లో ఆడపిల్లలతో ఎలా మాట్లాడతాడో ఇప్పటికీ నాకు తెలుసుకోవాలని ఉంది.

ఆ సాయంత్రం నుంచి సినిమా ఎత్తుకుంది. ఆడవాళ్లు చెప్పుకున్న మాట పేపర్లో రాసినదానికంటే తొందరగా పాకింది. రెడ్డిగూడెం నుంచి, బాపులపాడు నుంచి బళ్లు కట్టుకుని కుటుంబాలు కుటుంబాలు వచ్చాయి. తోటల్లో పని ముగించుకున్న కూలీలు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. కుర్చీలు చాలక ఇరుగుపొరుగు ఇళ్లనుంచి అరువు తెచ్చారు. బట్టల కొట్టాయన టికెట్ కొనుక్కుని మరీ వెళ్లి, తనకి ముందే తెలుసన్నాడు. నాన్న రిక్షా చాటింపు మార్పించారు. ఆడపిల్ల ఉన్న ప్రతి ఇల్లూ తప్పక చూడాల్సిన చిత్రమని మా గుమాస్తా మా గుమ్మం ముందునుంచే అరుస్తూ పోయేవాడు. నేను కిటికీ రెక్కలు ధడాల్న వేసేదాన్ని. అతను రిక్షా ఆపి, "ఏమైందమ్మా?" అని అడిగేవాడు, పాపం.

నాన్న మొహంలో ఎన్నేళ్లకో వెలుగు వచ్చింది. అది చూసి సంతోషించాలని నాకూ ఉంది, సంతోషించలేకపోయాను. దరఖాస్తులకి ఇంక ఒక్కరోజే ఉందనగా, ఆయన భోజనం చేస్తుంటే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. ఊసెత్తనని చెప్పిన మాట గుర్తుంది. అయినా ఎత్తాను.

"నాన్నా, మరి నా సంగతి?"

ఆయన మజ్జిగ పోసుకుంటూ, కోపంగా కాదు, మామూలుగానే, "సినిమా చూశావుగా అమ్మా" అన్నారు.

గుమ్మంలో నాయనమ్మ జపమాల తిప్పుకుంటోంది. వడ్డిస్తున్న అమ్మ గరిట గిన్నెలో పెట్టేసింది.

"ఏవండీ" అంది. "ఆ సినిమా మనది కాదండీ. రెండు వారాలకని తెచ్చుకున్నారు. ఎల్లుండి పెట్టెలో పెట్టి చింతలపూడి పంపించేస్తారు. పిల్ల మాత్రం ఇక్కడే ఉంటుంది. పొద్దున లేస్తే దాని మొహం చూడాల్సింది మనమే. అప్పుడు దానికేం చెప్తారు?"

జపమాల ఆగిపోయింది. నాన్న చెయ్యి విస్తరిలోనే ఉండిపోయింది. అమ్మ అంత పొడుగు మాట మాట్లాడగా ఆయన వినడం కూడా అదే మొదటిసారి అనుకుంటాను. అమ్మ మాత్రం అక్కడినుంచి కదల్లేదు.

నాన్న చెయ్యి కడుక్కుని గొడుగు తీసుకుని బయటికెళ్లారు. మధ్యాహ్నం ఆట మొదలయ్యే వేళ, హాలుకే వెళ్లారనుకున్నాం. తిరిగొచ్చి కాలేజీ దరఖాస్తు కాగితం నా చేతిలో పెట్టి, అటు తిరిగి కండువాతో మొహం తుడుచుకున్నారు.

నేను కాలేజీలో చేరాను. మా క్లాసులో మొత్తం నలుగురం అమ్మాయిలం. లెక్చరర్లు వచ్చాక వాళ్ల వెనకే లోపలికి వెళ్లి, వాళ్ల వెనకే బయటికి వచ్చేవాళ్లం. అల్లరి చేసే అవకాశం ఎవరికీ రాలేదు. నాయనమ్మ నన్నేమీ అనలేదు. అమ్మని అంది, అదీ మాటతో కాదు. కోడలు వండింది తినడం మానేసింది. పెరట్లో వేరే పొయ్యి పెట్టించుకుని తన మెతుకులు తనే ఉడకేసుకుంది. ఒక పూట కాదు, ఒక నెల కాదు, నా పి.యు.సి. అయ్యేదాకా. రోజూ వేళకి అమ్మ వెళ్లి, "భోజనానికి రండత్తయ్యా" అని పిలిచేది. నాయనమ్మ పలికేది కాదు. మర్నాడు అమ్మ మళ్లీ వెళ్లి పిలిచేది.

సాయంత్రం నేను వచ్చేసరికి అమ్మ వంటింట్లో ఒక్కతే కూర్చుని ఉండేది. నన్ను చూడగానే పీట జరిపి, "ఇవాళేం చెప్పారే?" అని అడిగేది. నాకు ఆకలి, విసుగు, కాళ్ల నొప్పులు. అయినా పుస్తకం తీసి పెట్టుకుని, ఆ రోజు చెప్పిన పాఠం మొదటినుంచీ చెప్పేదాన్ని. అమ్మకి అందులో సగం ఇంగ్లీషు ముక్కలు అర్థమయ్యేవి కావు. నేను ఎక్కడైనా దాటేస్తే మాత్రం పట్టేసేది. "ఆగు, మధ్యలో ఏదో వదిలేశావు. అదీ చెప్పు" అనేది.